కన్నమ్మ చెప్పిన సాక్ష్యం

బీరువా పై అరలో ఉండాల్సిన గోళీల డబ్బా కనబడలేదు. రిబ్కా ఎడమ చేత్తో మడతచీరలన్నీ పక్కకు నెట్టి చూసింది. కిటికీ గూట్లో చూసింది, కుట్టుమిషను సొరుగు లాగి చూసింది, ఆఖరికి బియ్యం డబ్బా వెనక కూడా తడిమింది. పొద్దున నాలుగు ముద్దలు తినగానే మింగాల్సిన గోళీలు అవి. మరిచిపోతే ఊరుకునే రోగం కాదు తనది... ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. తెలిసి తెలిసి ఎవరు తీశారు? కుడికాలు ఈడ్చుకుంటూ వంటింటి గుమ్మం దాకా వచ్చింది.

అత్తగారు కన్నమ్మ చింతపండు పిసుకుతోంది. కోడలి వైపు తిరిగి కూడా చూడలేదు.

“ఏం దేవులాడుతున్నవ్ పొద్దుగాల్నుంచి?”

“గో... గోళీలు... అత్తమ్మా...”

“నేనే తీసిన. ఇయ్యాల్టి నుంచి గోళీలు బంద్.”

రిబ్కా అడగాల్సిన మాటలు వంద ఉన్నాయి. కానీ పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఆమెకు మాట మనసులో తయారై నాలుక మీదికి వచ్చేసరికి ఎదుటివాళ్ళ ఓపిక అయిపోతోంది. కన్నమ్మ దగ్గర ఆ ఓపిక మొదటి నుంచీ లేదు.

“ఎందు... కు?”

“ఎందుకా? మొన్న గోదారొడ్డు సభలల్ల లేసి నిలబడి సాక్ష్యం చెప్పిన. నా కోడలికి పక్షవాతం పోయింది, పేరు తెల్వని రోగం పోయింది, గోళీలన్ని బంద్ వెట్టి మంచిగ తిరుగుతుందని చెప్పిన. అంతమంది స్తోత్రం అన్నరు. వచ్చే ఆదివారం మన సంఘంల కృతజ్ఞత కూటం పెట్టిండ్రు. నువ్వు ముందటికొచ్చి అదే మాట చెప్పాలె. గోళీలు మింగుకుంట ఎట్ల చెప్తవ్?”

చూశారా విడ్డూరం! లోకంలో ఎవరైనా దేవుడు మేలు చేశాక సాక్ష్యం చెబుతారు. కన్నమ్మ ముందు సాక్ష్యం చెప్పి వచ్చి, ఇప్పుడు ఆ మేలు జరిపించడానికి నడుం కట్టింది. అట్లా అని ఆమె కావాలని అబద్ధం ఆడిందా అంటే అదీ కాదు. పర్ణశాల దాటి అడవి దారిలో ఉన్న ఊరు ఆమె పుట్టిల్లు. ఏడాదికోసారి ఆ పక్క గోదావరి ఇసుకలో గుడారాలు వేసి యేసు సువార్త సభలు పెడతారు. పాటలు, డప్పులు, కన్నీళ్ళు... ఆ ఊపులో ‘ఎవరికి ఏ మేలు జరిగింది, లేచి చెప్పండి’ అని మైకులో అడగగానే కన్నమ్మ లేచింది. కోడలు మంచం మీద నుంచి లేచి నడిచిన మాట నిజం. అక్కడి దాకా ఆగితే బాగుండేది. పక్కనున్న ఆడవాళ్ళు ‘గోళీలు కూడ మానేసిందా అక్కా’ అని అడిగారు. ‘అవ్’ అనేసింది. ఒక్క అవ్! అది ఇప్పుడు రిబ్కా మెడకు చుట్టుకుంది.

రిబ్కా గోడ పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. రెండేళ్ళ కిందట తన కాలూ చెయ్యీ చచ్చుబడిన ఆ రోజు ఆమెకు గుర్తుంది. గోడకు ఆనించిన కుట్టుమిషను ముందు కూర్చుని ఎవరిదో జాకెట్టుకు హుక్కులు కుడుతుంటే సూది వేళ్ళలోంచి జారిపోయింది. వంగి తీసుకోబోతే చెయ్యి రాలేదు. అరవబోతే నోరు రాలేదు. ముప్ఫై నాలుగేళ్ళ మనిషికి పక్షవాతమేమిటని కొత్తగూడెంలో అందరూ ముక్కున వేలేసుకున్నారు. హైదరాబాదు పెద్ద దవాఖానాకు తీసుకెళ్తే అక్కడ అసలు సంగతి బయటపడింది. అంతకు ముందు నాలుగేళ్ళుగా ఆమెను పీడిస్తున్న కీళ్ళనొప్పులు, ఎండలోకి వెళ్తే బుగ్గల మీద లేచే ఎర్రటి దద్దు, రాలిపోయే జుట్టు... అన్నీ ఒకే రోగమన్నారు. దాని పేరు లూపస్. ‘రోగాలతో కొట్లాడే సైన్యం మన ఒంట్లోనే ఉంటుందమ్మా. నీ ఒంట్లో ఆ సైన్యానికి బుద్ధి తప్పింది. బయటి శత్రువునొదిలి నీ కీళ్ళనూ చర్మాన్నీ రక్తాన్నీ కొడుతోంది’ అని చెప్పారు. ఆ రోగం రక్తాన్ని గడ్డ కట్టించింది. ఆ గడ్డ వెళ్ళి తలలో అడ్డం పడింది. సైన్యాన్ని అణచడానికి స్టెరాయిడ్ గోళీ, రక్తం పలుచగా ఉండడానికి ఇంకో గోళీ, నెలనెలా రక్తపరీక్ష. బతికినన్నాళ్ళూ ఇంతే.

గోళీలు మంచే చేశాయి. కాలు నిలబడింది, కుడిచెయ్యి మెల్లగా మళ్ళీ సూది పట్టసాగింది. కానీ వాటివల్ల ముఖం ఉబ్బి గుండ్రంగా తయారైంది. చూసినవాళ్ళంతా ‘ఒళ్ళు చేసినవ్ గదనే’ అనేవాళ్ళు. దాంతో కన్నమ్మకు కోడలు నిజంగా రోగిష్టిదన్న నమ్మకమే పోయింది. ఎండలో తిరగొద్దని డాక్టర్లు చెబితే, “ఎండ తగిలితే కరుగుతదా ఏంది దొరసాని” అని క్వార్టర్ల వీధి అంతా వినేట్టు అనేది. కొత్తగూడెం ఎండల్లో బొగ్గు గని పనివాళ్ళ పెళ్ళాలు నీడపట్టున కూర్చుంటామంటే నవ్వరూ? నవ్వారు. రిబ్కా ఆ నవ్వులన్నీ దిగమింగింది. దిగమింగలేనిది ఒక్కటే ఉంది.

పెళ్ళైన పన్నెండేళ్ళలో ఆమె కడుపు మూడుసార్లు పండింది. మూడుసార్లూ నెలలు నిండకుండానే బిడ్డలు పోయారు. మొదటిసారి కన్నమ్మ కూడా కలిసి ఏడ్చింది. రెండోసారి ఏడవలేదు. మూడోసారి దవాఖానా వరండాలో, పదిమంది వింటుండగా అన్నది... “ముగ్గురిని మింగింది” అని. ఆ మాట పేరులా అతుక్కుపోయింది. పెళ్ళిళ్ళలో, సంఘంలో, నల్లా దగ్గర ఎక్కడ కన్నమ్మకు కోపం వచ్చినా ఆ మాట బయటికి వచ్చేది. సీమంతాలకు రిబ్కాను పిలవడం మానేశారు. ఎవరి పసిబిడ్డనూ ఆమె ఎత్తుకునేది కాదు. తనలోనే ఏదో పాపం ఉందేమో, తన కడుపే శత్రువేమో అని ఆమె కూడా నమ్మడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నం షిఫ్టు దిగి వచ్చిన భర్త సుకుమార్‌కు రిబ్కా డబ్బా సంగతి చెప్పింది. ఒక్కొక్క మాటా కూడదీసుకుని చెప్పింది. అతను తలకున్న బొగ్గు మసి తుడుచుకుంటూ విన్నాడు. సుకుమార్ చెడ్డవాడు కాదు. భార్యను ఒక్కనాడూ తిట్టలేదు. అలాగని ఆమె తరఫున తల్లితో ఒక్క మాటా అనలేదు. ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు గొంతు లేపితే చొక్కా తగిలించుకుని కూడలికి పోయే రకం.

“ఆదివారం దాక ఓపిక వట్టు రిబ్కా. కూటం అయిపోంగనే నేనే డబ్బా తీసిస్త. అమ్మ పరువు పోతది గదా...”

“ఒక్క... సారిగ... ఆపొద్దు... అన్నరు... డాక్టరు...”

“నాలుగు రోజులల్ల ఏమైతది?”

ఏమవుతుందో ఆమె ఒంటికి తెలిసింది. మొదట ఆకలి పోయింది. తర్వాత ఏది తిన్నా కడుపులో నిలవలేదు. లేచి నిలబడితే కళ్ళు బైర్లు కమ్మేవి. వేళ్ళ కణుపులు వాచి దువ్వెన పట్టుకోవడం కష్టమైంది. కన్నమ్మ అదంతా చూస్తూనే ఉంది. “కావాలెనని జేస్తున్నవ్. నా పరువు తియ్యాలెనని జేస్తున్నవ్” అంది. శనివారం రిబ్కా సిగ్గు విడిచి అత్తగారి కాళ్ళ దగ్గర కూర్చుని ఒక్క గోళీ అడిగింది.

“యాడున్నయ్ ఇయ్యడానికి? కాలువల పారవోసిన. ఆదివారం ముందటికొచ్చి మంచిగ సాక్ష్యం చెప్పు. చెప్పనంటవా, నీ బట్టలు సదురుకొని తిరుమలాయపాలెం మీ అన్న దగ్గరికి పో. ఈ ఇంటికి నువ్వు జేసిన మేలు సాలు. ముగ్గురిని మింగినవ్, ఇగ నన్ను గూడ మింగుతవా?”

ఆదివారం చర్చి వెనక పెద్ద గుండిగల్లో అన్నం ఉడుకుతోంది. కృతజ్ఞత కూటం గనుక భోజనాలు కన్నమ్మ ఇంటివాళ్ళవే. ఆమె జరీ అంచు తెల్లచీర కట్టుకుని అందరికీ వందనాలు చెబుతూ హడావుడిగా తిరిగింది. పాస్టరు బొజ్జయ్య గారు పాట అయ్యాక రిబ్కాను ముందుకు పిలిచారు. కొత్తచీరలో ఆమె నెమ్మదిగా నడిచి వెళ్ళి మైకు పక్కన నిలబడింది. ఎదురుగా అన్నీ తెలిసిన ముఖాలే... అందరూ నవ్వుతూ ఎదురుచూస్తున్నారు. మొదటి వరుసలో అత్తగారి కళ్ళు మాత్రం నవ్వడం లేదు. పక్కనున్న బల్లకు రిబ్కా చెయ్యి ఆనించింది. అబద్ధం చెబితే ఇంట్లో చోటుంటుంది. ప్రాణం ఉంటుందో లేదో తెలియదు. పైగా ఎవరి ముందు నిలబడి చెప్పాలి ఆ అబద్ధం?

“నాకు... బాగు... కాలేదు.”

చప్పట్లు కొట్టడానికి లేచిన చేతులు లేచినట్టే ఉండిపోయాయి.

“గోళీలు... మింగితేనే... లేచిన. ఇప్పుడు... లెవ్వు. అత్తమ్మ... పారవోసింది. నాకు... బతకాలెనని... ఉంది అయ్యగారూ...”

“నాటకం,” కన్నమ్మ లేచి నిలబడింది. “నా నోట్లో మన్ను కొట్టడానికి ఆడుతున్న నాటకం అయ్యగారూ. నాలుగు రోజుల సంది గిదే నాటకం...”

ఆమె మాట పూర్తికాకుండానే రిబ్కా మైకును పట్టుకోబోయి నేలమీద కూలిపోయింది. మూతి ఒక పక్కకు లాగింది. కన్నమ్మ ఇంకా “లే... లేవే...” అంటూనే ఉంది. బొజ్జయ్య గారు వేదిక దిగి పరుగున వచ్చారు. “పొద్దుగాల షుగరు గోళీ మింగినంకనే నేను వాక్యం చెప్పనీకి వచ్చిన కన్నమ్మా. నన్ను అడిగితే చెప్పకపోదునా?” అన్నారు. అంత మెత్తని మనిషి అంత కటువుగా మాట్లాడడం సంఘం ఎన్నడూ వినలేదు. జీపు వచ్చింది. వండిన అన్నం గుండిగల్లోనే ఉండిపోయింది.

ఖమ్మం దవాఖానాలో డాక్టర్ నిర్మలాదేవి రిబ్కాకు సూదిమందు ఎక్కించి, తలకు స్కాను తీయించి, బయటికి వచ్చింది. సన్నగా, పొట్టిగా ఉన్న ఆ డాక్టరమ్మ ముఖం కోపంతో ఎర్రబడి ఉంది.

“స్టెరాయిడ్ ఎవరు ఆపించారు?”

సుకుమార్ నేల చూపులు చూశాడు. కన్నమ్మే తలెత్తింది. “నేనే ఆపించిన. నాకు నమ్మకముండి ఆపించిన. తప్పా?”

“ఏళ్ళ తరబడి వాడేది కొంచెం కొంచెంగా తగ్గించాలి, ఒక్కసారిగా ఆపితే మనిషి ప్రాణం పోతుంది. రక్తం పలుచన చేసే గోళీ కూడా ఆపారు. తలలో మళ్ళీ గడ్డ పడింది. బతుకుతుంది. కానీ ఆ కుడిచెయ్యి ఇంక సూది పట్టదు. మీ నమ్మకాన్ని నేను కాదనను. దేవుడికి మొక్కుకోండి, గోళీలూ వేయండి. ఆ రెండింటికీ తగువు ఎందుకు పెట్టారు?” డాక్టరమ్మ కేసు చీటీ తిరగేసింది. “పిల్లలెంతమంది?”

“పిల్లలా? ముగ్గురిని మింగింది.” అలవాటైన మాట కన్నమ్మ నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

డాక్టరమ్మ చీటీ మూసింది. “ఏం మాటమ్మా అది? తలలో గడ్డ కట్టించిన రోగమే కడుపులో కూడా గడ్డ కట్టిస్తుంది. మాయకు రక్తం అందదు. బిడ్డ పోతుంది. తల్లి ఏం చేస్తుంది? ముందే తెలిసి మందులు వాడి ఉంటే ఆ బిడ్డలు బతికేవాళ్ళేమో. హైదరాబాదులో ఈ సంగతి మీకు చెప్పే ఉంటారే...”

కన్నమ్మ మెల్లగా కొడుకు వైపు తిరిగింది. సుకుమార్ ఇంకా నేల వైపే చూస్తున్నాడు.

“చెప్పిండ్రారా?”

అతను వరండా చివరికి రెండడుగులు వేశాడు.

“అడుగుతున్న. చెప్పిండ్రా?”

“చెప్పిండ్రమ్మా. అప్పుడు రిబ్కాకు సోయి లేదు. నా ఒక్కనికే చెప్పిండ్రు. నీకు చెప్తే... పెండ్లికి ముందుగాల నుంచే రోగముందంటవ్... వాళ్ళన్న ఇంటికి తోలుతవ్ అని... భయమై చెప్పలే. దానికి గూడ చెప్పలే...”

కన్నమ్మ చెయ్యి లేచింది. వరండాలో అందరూ తిరిగి చూసేట్టు కొడుకు చెంప చెళ్ళుమంది. “రెండేండ్లు! రెండేండ్ల సంది నేను దాన్ని ఆ మాట అంటుంటే వినుకుంట అన్నం ఎట్ల తిన్నవురా? నన్ను గింత పాపాత్మురాలిని జేసి... నువ్వు మంచోనివై కూసున్నవా?” అంటూ గోడకు జారగిలబడింది. ఆ కోపంలో సగం తన మీద తనకేనని ఆమెకు తెలుస్తూనే ఉంది.

తలుపు తెరిచే ఉంది. మంచం మీద ఉన్న రిబ్కా అంతా విన్నది. సుకుమార్ లోపలికి వచ్చి “రిబ్కా...” అనగానే మొహం గోడవైపు తిప్పుకుంది. అత్తగారు అన్న మాటకన్నా ఇతను అనకుండా దాచిన మాట ఆమెను ఎక్కువ కోసింది. తిట్టినవాళ్ళను క్షమించడానికి ఒక దారి ఉంటుంది... పక్కనే పడుకుని, తను తన కడుపును శపించుకుంటూ ఉంటే చూస్తూ ఊరుకున్నవాణ్ణి ఏం చేయాలి? దవాఖానాలో ఉన్నన్నాళ్ళూ ఆమె అతనితో మాట్లాడలేదు. మాట రాక కాదు.

ఇంటికి తెచ్చాక కూడా ఆ ఇంట్లో ముగ్గురూ ఒకరికొకరు శత్రువుల్లాగే మెలిగారు. కన్నమ్మ వేళకు గోళీలు తెచ్చి గ్లాసు పక్కన పెట్టి, ఒక్క మాట లేకుండా వెళ్ళిపోయేది. సుకుమార్ షిఫ్టు మార్పించుకుని రక్తపరీక్షలకు తీసుకెళ్ళేవాడు. ఎదురింటివాళ్ళు వచ్చి ‘కన్నమ్మ మారిపోయింది’ అంటే రిబ్కాకు ఒళ్ళు మండేది. గోళీలు ఇస్తే సరిపోయిందా? కుట్టుమిషను మీద దుమ్ము పేరుకుంటోంది. తన మీద పడిన మాట అట్లాగే ఉంది.

రిబ్కా కాలు కాస్త నిలబడ్డాక చర్చికి వెళ్ళిన మొదటి ఆదివారం, సాక్ష్యాల వేళ కన్నమ్మ లేచింది. చర్చి అంతా సద్దుమణిగింది. చెప్పిన సాక్ష్యాన్ని వెనక్కి తీసుకున్నవాళ్ళు ఆ సంఘంలో అంతవరకు ఎవరూ లేరు.

“నేను సభలల్ల చెప్పింది అబద్ధం. నా కోడలు గోళీలు మానలే. నా మాట నిలబెట్టుకోనీకి నేనే మాన్పించిన. దాని చెయ్యి పడగొట్టిన. దేవుని పేరుమీద చెప్పిన అబద్ధం గనుక దేవుని ముందట్నే ఒప్పుకుంటున్న.” అంతే చెప్పి, ఎవరినీ చూడకుండా కూర్చోబోయింది.

“ఇంకోటి... ఉంది.”

రిబ్కా లేచి నిలబడి ఉంది. చాప మీద కూర్చున్న ఆడవాళ్ళ మధ్య ఆమె ఎడమ చేత్తో స్తంభం పట్టుకుని నిలబడింది. కన్నమ్మ కళ్ళు నిప్పులయ్యాయి.

“అది ఇంట్ల మాట్లాడుకుందాం. కూసో.”

“పదిమందిల... అన్నవ్... అత్తమ్మా. పదిమందిల... చెప్పు.”

అత్తాకోడళ్ళు ఒకరినొకరు చూసుకుంటూ నిలబడ్డారు. బొజ్జయ్య గారు కల్పించుకోలేదు. పాట ఎత్తబోయిన ఆడవాళ్ళను చెయ్యెత్తి ఆపారు. కన్నమ్మ చెంగు నోట్లో కుక్కుకుంది, తీసింది. ఆఖరికి, తిడుతున్నట్టే, గొంతు చించుకుని చెప్పింది.

“నా కోడలు పిల్లలను మింగలే. రక్తం గడ్డకట్టే రోగముండి పోయిండ్రు. దాని తప్పు లేదు. ఇన్నేండ్ల సంది నేనన్నదంతా నా నోటి పాపం. విన్నరు గదా అందరు... ఇగ ఎవ్వరన్న ఆ మాట అంటే ఊకోను.”

ఆశీర్వాదం కూడా అందుకోకుండా బయటికి వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చేసరికి ఆమె వంటింట్లో గిన్నెలు గట్టిగా పెడుతోంది. “సంబురమైందా? నీ కడుపు సల్లగైందా?” అంది, వెనక్కి తిరగకుండానే. రిబ్కా పీట మీద కూర్చుంది. కన్నమ్మ కంచంలో అన్నం పెట్టి తెచ్చింది. ఆమె కంచం కింద పెట్టి అక్కడే చతికిలబడింది. ఎవరితోనో చెబుతున్నట్టు అంది.

“మొదటోడు ఉంటే... ఇయ్యాల అయిదో తరగతి సదువుతుండె. నేను ప్రతి జూన్ల అనుకుంట. ఈ ఏడు రెండు, ఈ ఏడు మూడు అని... ఎవ్వరికి చెప్పలే.”

రిబ్కా నిర్ఘాంతపోయి చూసింది. ఇన్నేళ్ళలో తను కూడా లెక్కపెట్టుకోలేదు. లెక్కపెట్టుకోవడానికి భయపడింది. మింగిందన్న నింద మోస్తున్న తల్లికి బిడ్డల కోసం ఏడ్చే హక్కెక్కడిది? ఏడిస్తే దొంగ ఏడుపన్నారు, ఏడవకపోతే రాతిగుండె అన్నారు. అందుకే ఆ ముగ్గురి కోసం ఆమె ఒక్కసారి కూడా గొంతెత్తి ఏడవలేదు. ఇప్పుడు ఆ నింద లేదు. ఉన్నదల్లా పోయిన బిడ్డలు... తన బిడ్డలు.

ఆమె ఏడ్చింది. మాట కోసం తడబడే గొంతు ఏడుపు కోసం తడబడలేదు. కన్నమ్మ కూడా ఏడ్చింది. ఒకరినొకరు పట్టుకోలేదు, ఓదార్చుకోలేదు, కంచానికి చెరో పక్కన కూర్చుని ఎవరి ఏడుపు వాళ్ళు ఏడ్చారు. సుకుమార్ గుమ్మం దాకా వచ్చి ఆగాడు. రమ్మని ఇద్దరిలో ఎవరూ పిలవలేదు. పొమ్మని కూడా అనలేదు. అతను గడప అవతలే కూర్చున్నాడు.